ద్రాక్షతీగయు గొడ్డలియు

తాటిచెట్టు క్రింద కూర్చుండి పాలు త్రాగినను చూచినవారు కల్లనియే యందురు. సంఘసంస్కరణమును గూర్చి వ్రాయు పత్రికలో ద్రాక్షాసవపు చరిత్రను వ్రాయబూనినవారికిని ఈ సామెత కొంత వర్తింపక మానదు. కావున మొదటనే యొక మాట చెప్పుట మేలు. మద్యపానము కుటుంబమును కూల్చు దుర్వ్యసనమనుటలో మాకు సందేహము లేదు. కూలిడబ్బు ఇల్లు చేరకమునుపే దుకాణములో కరగిపోవుటయు, ఆ యింటి యిల్లాలు పిల్లలకు గంజి కాచుటకై పొరుగింటి బియ్యమునకు చేయి చాచుటయు మన వీధులలో చూచుచునే యున్నాము. ఆ దుఃఖమును తేలికపరచు మాట యొక్కటియు ఈ వ్యాసమున లేదు.

అయినను జార్జియా దేశమున ఎర్రని ద్రాక్షాసవము ఇంటింట తయారగు విధమును, ఆ కుటుంబవిద్య యెన్ని గండములు గడచి నేటికి నిలిచినదో ఆ వృత్తాంతమును సంస్కర్తలైనవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసియున్నది. ఏలయన, ఆ గండములలో ఒకటి శత్రువువలన వచ్చినది. ఒకటి అధికోత్పత్తియందలి యాశవలన వచ్చినది. మరియొకటి సంస్కరణము పేరిటనే వచ్చినది.

ద్రాక్ష మన వాఙ్మయమునకు పరాయిది కాదు. నోట వేసికొనినంతనే రసమిచ్చు కవిత్వమును ద్రాక్షాపాకమని మన లాక్షణికులు పేర్కొనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని గూర్చిన ప్రకరణములో ద్రాక్షరసముతో నగు మద్యమునకు ‘మధు’వని పేరు. పుట్టిన చోటును బట్టి దానికి కాపిశాయనమనియు, హారహూరకమనియు పేళ్లు గలవని యచటనే చెప్పబడినది. కాపిశి యనునది నేటి ఆఫ్గనిస్థానమునందలి ప్రదేశము. అనగా ఈ వస్తువు వాయవ్యదిక్కుదని మన పూర్వులెరుగుదురన్నమాట. ఆ దిక్కుననే యింకను దూరము పోయి, ఇరానుదేశమును గడచినచో, నల్లసముద్రమునకును కాస్పియన్ సముద్రమునకును నడుమ, కాకసస్ పర్వతపంక్తికి దక్షిణమున జార్జియా కనబడును. విస్తీర్ణమున అది మన తెలంగాణముకంటెను చిన్నది. దాని తూర్పుభాగమున కాఖేతి యను సీమ గలదు. అలజాని నది పారు ఆ లోయలోనే ఆ దేశపు ద్రాక్షలో అధికభాగము పండుచున్నది.

ఈ విద్య అచట ఎంత ప్రాచీనమో 2017వ సంవత్సరమున ప్రకటితమైన యొక పరిశోధన వెల్లడించినది. రాజధానియగు త్బిలిసీ నగరమునకు దక్షిణముగా సుమారు 50 కిలోమీటర్ల దూరమున గదాచ్రిలి గోర, షులవెరిస్ గోర అను రెండు పాటిదిబ్బలు గలవు. అచట త్రవ్వకములలో దొరకిన పెద్దజాడీల పెంకులను రసాయనశాస్త్రజ్ఞులు పరీక్షింపగా, వాని రంధ్రములలో టార్టారికామ్లపు జాడ కనబడెను. ఈ యామ్లము మన చింతపండునందును గలదు. కాని ఆ సీమలో చింత లేదు. అచట అది యంతగా నుండునది ద్రాక్షయందే. ఆ పెంకులు క్రీస్తునకు పూర్వము 6000 మొదలు 5800 వరకు గల కాలమునకు చెందినవని నిర్ణయింపబడెను. అనగా నేటికి సుమారు 8000 సంవత్సరముల క్రిందట ఆ పల్లెవాసులు మట్టిపాత్రలలో ద్రాక్షాసవమును నిలువచేసికొనుచుండిరి. అప్పటికి లోహపు పనిముట్లు లేవు, వ్రాత లేదు, రాజులు లేరు. ఈ విద్యను మొదట నేర్చినది ఏ రాజాస్థానమును గాదు, ఏ కార్మికశాలయు గాదు, సామాన్యపు టిల్లు.

ఆ పద్ధతి నేటికిని కాఖేతి కుటుంబములలో ఎట్లు జరుగుచున్నదో కొంత వివరింతుము. ఎర్రని యాసవమునకు అచట ప్రధానమైన ద్రాక్ష సపెరావి. ఆ పేరునకు ‘రంగునిచ్చునది’ యని యర్థము. సామాన్యముగా నల్లద్రాక్షకు తొక్కలోనే రంగుండును. లోపలి కండ తెల్లగానుండును. సపెరావికి కండయు నెర్రనిదే. ఈ పండు ఆలస్యముగా పక్వమగును, పులుపు హెచ్చు, దాని యాసవము సిరావలె చిక్కనై యుండును. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో కోత వచ్చును. దానికి ర్త్వేలి యని పేరు. మన పల్లెలలో నూర్పుల కాలమువలె, పట్టణములలో ఉద్యోగములు చేయు పిల్లలును బంధువులును ఆ దినములకు స్వగ్రామము చేరుదురు.

కోసిన గుత్తులను దుంగను దొలిచి చేసిన పెద్దతొట్టిలో వేసి కాళ్లతో త్రొక్కుదురు. ఆ రసమును, తొక్కలును గింజలును కూడ, క్వెవ్రి యను మట్టిపాత్రలో పోయుదురు. క్వెవ్రి గ్రుడ్డు ఆకారముగల పెద్దకాగు. దాని మెడవరకు భూమిలో పూడ్చియుంతురు. మన పెద్దలు ధాన్యము పాతరవేసినట్లు వారు ద్రాక్షరసమును పాతరవేయుదురన్నచో చదువరులకు సులభముగా బోధపడును. ఈ పాత్రలున్న కొట్టునకు మరాని యని పేరు. రసము పొంగించుటకు వారు వేరుగా తోడు వేయరు. పండ్ల తొక్కలపైనను, కొట్టు గాలిలోను నుండు సూక్ష్మజీవులే ఆ పని చేయును. పొంగినప్పుడు తొక్కలు తెట్టువలె పైకి తేలును. ఇంటివారు దినమునకు పెక్కుమారులు కఱ్ఱతో ఆ తెట్టును లోనికి ద్రొక్కుదురు. పొంగు తగ్గిన పిమ్మట తొక్కలనుండి తేరినదానిని వేరుచేసి, మరియొక పాత్రలో నింపి, రాతిపలకతో మూసి, బంకమట్టితో అంచులు మెత్తుదురు. శీతకాలమంతయు అది భూమిలో చల్లగా నిలుకడగా నుండును. వసంతమున మూత తీయుదురు.

ఈ పాత్రను చేయుట మరియొక విద్య. కుమ్మరి దానిని సారెపై నెత్తలేడు. మట్టిని లావైన త్రాళ్లవలె పేని, వరుసపై వరుస చేర్చుచు, ఒక వరుస కొంత ఆరిన పిమ్మటనే పై వరుసను పెట్టుచు, వారముల తరబడి మనిషియెత్తు పాత్రను లేపును. కాల్చిన పిదప వేడిగా నున్నప్పుడే లోపల తేనెమైనము పూయును. ఏటేట దానిని కడుగుటకు చెఱ్ఱిచెట్టు బెరడుతో కట్టిన కుంచె గలదు. పాత్ర శుభ్రముగా లేనిచో ఆసవము చెడును. కావున ఆ యిండ్లలో తండ్రి కుమారునకు మొదట నేర్పునది త్రాగుట గాదు, కడుగుట. ఇదంతయు గ్రంథములు చూచి నేర్చిన విద్య కాదు. తోటలోను మరానిలోను తండ్రివెంట తిరిగి నేర్చినది.

మతమును ఈ విద్యకు తోడైనది. జార్జియా 4వ శతాబ్దమున క్రైస్తవమతమును స్వీకరించెను. ఆ మతమును బోధించిన నీనో యను సాధ్వి ద్రాక్షకొమ్మలు రెంటిని తన తలవెండ్రుకలతో ముడివేసి శిలువ చేసెనని ఆ ప్రజల విశ్వాసము. చర్చిలో పూజకై మంచి యాసవమును వేరుగా నొక పాత్రలో నుంచుట పల్లెకుటుంబముల యాచారము. దానికి జెదాషే యని పేరు. అతిథి వచ్చినప్పుడు విందు నడపుటకు తమదా యను పెద్ద యొకడుండి, దేశమును గూర్చియు, మృతులను గూర్చియు, పిల్లలను గూర్చియు పలుకులు పలుకును. ఈ విందులలో మితిమీరి త్రాగువారు లేరని మేము చెప్పము. అతిథిమర్యాద పేరిట పాత్రమీద పాత్ర త్రాగించు నలవాటు అచటను గలదు. అది యేదేశమునందైనను ఖండింపదగినదే. కాని ఆ యింటి తోట, ఆ యింటి కాగు, ఆ యింటి విందు ఒకటితో నొకటి అల్లుకొనియుండుటను గమనింపనివాడు ఆ జాతి చరిత్రను అర్థము చేసికొనజాలడు.

ఇక గండముల మాట. మొదటిది శత్రుభయము. 1614 మొదలు 1617 వరకు ఇరాను చక్రవర్తి షా అబ్బాసు కాఖేతిపై పలుమారులు దండెత్తెను. వేలకొలది జనులు హతులైరి. లక్షకు పైబడినవారిని ఇరానుదేశమునకు బలవంతముగా తరలించెనని చరిత్రకారులు వ్రాసియున్నారు. వారి సంతతివారు నేటికిని ఇరానులోని ఫెరైదాన్ ప్రాంతమున జార్జియాభాష మాటాడుచున్నారు. మనుష్యులు లేని తోట యేమగును? కత్తిరించువారు లేని తీగ రెండుమూడేండ్లలో అడవి యగును. అయినను కొండలలో దాగినవారు తిరిగివచ్చిరి; మరల నాటిరి. భూమిలో పూడ్చిన పాత్ర యెత్తుకొనిపోవుటకు వీలులేనిది. ఇల్లు కాలినను అది మిగులును.

1801లో రష్యా చక్రవర్తి తూర్పు జార్జియాను తన రాజ్యమున కలుపుకొనెను. ఆ శతాబ్దమున అలెగ్జాండర్ చవ్చవాద్జే (1786-1846) యను ప్రభువు, కవియు సేనానియు, కాఖేతిలోని త్సినందాలి గ్రామమున తన యెస్టేటులో ఐరోపా పద్ధతిని ఆసవము తీయించి సీసాలలో నింపించెను. ఇది యొక మేలైన ప్రయోగమే. కాని అప్పటినుండి విద్యావంతుల దృష్టిలో కఱ్ఱపీపాయు గాజుసీసాయు నాగరికతకు గుర్తులైనవి, మట్టికాగు మోటువస్తువైనది. ఇంగ్లీషు చదువు వచ్చినతోడనే మన వీధిబడిని, మన వైద్యుని, మన నేతమగ్గమును చిన్నచూపు చూచిన మనకు ఈ సంగతి వేరుగా వివరింప నక్కరలేదు.

రెండవ గండము 1921లో ఆ దేశము సోవియట్ పాలనలోనికి వచ్చిన పిమ్మట దాపురించెను. 1929 మొదలు వ్యవసాయభూములు సమష్టిక్షేత్రములలో చేర్చబడెను. తోట యొక కుటుంబముది కాక అందరిదియయ్యెను. అందరిదియైనది క్రమముగా ఎవ్వరిదియు గాకపోయెను. సమ్‌ట్రెస్టు అను ప్రభుత్వసంస్థ ఆసవపు తయారీని తన యధీనము చేసికొనెను. విశాలమైన రష్యాదేశమునకంతకును సరఫరా చేయవలెను గనుక, ఎన్ని టన్నులన్నదే ప్రశ్నయయ్యెను. ఆ దేశమున 500కు పైగా ద్రాక్షజాతులు గలవు. ఒక్కొక్క లోయకు ఒక్కొక్క జాతి, ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క అభిమానము. కార్మికశాలకు ఈ వైవిధ్యము పనికిరాదు. తెల్లదానికి ర్కత్సితేలి, ఎర్రదానికి సపెరావి, ఇవియే విశేషముగా నాటబడెను. తక్కినవానిలో పెక్కు జాతులు పరిశోధనాలయపు తోటలలోను పేదరైతుల పెరళ్లలోను మాత్రమే మిగిలెను.

అయినను రైతునకు ఇంటిచుట్టు కొంచెము నేలను సొంతముగా సాగుచేసికొనుటకు ఆ ప్రభుత్వము అనుమతినిచ్చియుండెను. చరిత్రకారులు తరచుగా విస్మరించు ఆ పెరటినేలయందే యీ విద్య ప్రాణము నిలుపుకొనెను. పగలు సమష్టితోటలో టన్నులకై పండించినవాడు సాయంకాలము తన పందిరిక్రింద తన తాత నేర్పినట్లు కత్తిరించెను. శాలలో ఇనుపతొట్లు, ఇంట మట్టికాగు. అమ్ముటకు ఒకటి, అతిథికి ఒకటి. ఈ ద్వంద్వజీవనము అరువదియేండ్లు సాగినది.

ఇప్పుడు మూడవ గండమును గూర్చి చెప్పవలెను. ఇదియే మా పాఠకులు నిదానముగా ఆలోచింపవలసిన ఘట్టము. 1985 మే మాసమున సోవియట్ నాయకుడు మిఖాయిల్ గోర్బచేవ్ మద్యపాన నిర్మూలనమునకై గట్టి శాసనములు గావించెను. కారణము న్యాయమైనదే. ఓడ్కా త్రాగి కార్మికులు నడివయస్సున మరణించుచుండిరి, కుటుంబములు చెదరుచుండెను, శాలలలో ప్రమాదములు పెరుగుచుండెను. ఫలితమును కొంతవరకు మంచిదే. మరణములు తగ్గెను, పురుషుల సగటు ఆయుర్దాయము రెండుమూడేండ్లలోనే స్పష్టముగా పెరిగెను. దీనిని కాదనుట సత్యమునకు ద్రోహము. జనులు హాస్యమునకు ఆయనను ‘జనరల్ సెక్రెటరీ’ యనుటకు మారు ‘మినరల్ సెక్రెటరీ’ యనిరి. సోడానీళ్ల కార్యదర్శి యని దాని భావము. ఆ హాస్యమాడినవారిలో ఎందరు ఆ సోడానీళ్లవలన బ్రదికిరో వారే యెరుగరు.

కాని ఆజ్ఞ పైనుండి క్రిందికి దిగుకొలది దాని బుద్ధి తగ్గి బరువు పెరుగును. ఉత్సాహము చూపి పైవారి మెప్పు పొందవలెనను అధికారులు, త్రాగుడు మాన్పించుటకంటె తోటలు పెరికించుట సులభమని కనుగొనిరి. త్రాగుడు మానినవారిని లెక్కించుట కష్టము; పెరికిన ఎకరములను లెక్కించుట తేలిక. జార్జియాలోను, మొల్దావియాలోను, క్రిమియాలోను ద్రాక్షతోటలు విశేషముగా నాశనమయ్యెను. రష్యాలోని కార్మికుని చంపుచుండినది ధాన్యమునుండి వడపోసిన సారా. వ్రేళ్లు తెగినది కాఖేతి కొండయోరనున్న ద్రాక్షకు. అటు రష్యాపల్లెలలో దొంగసారా కాచుట హెచ్చెను. దానికై కొన్నందున బజారున పంచదార కరవయ్యెను. మద్యపు పన్నుపై నాధారపడిన ఖజానా క్షీణించెను. 1988 నాటికి ఆ శాసనము సడలింపబడెను.

మన సంస్కర్తల చరిత్రను దీనిప్రక్కన నుంచి చూడుడు. 1937 అక్టోబరున రాజగోపాలాచారిగారి మంత్రివర్గము సేలము జిల్లాలో మద్యపాన నిషేధమును ప్రారంభించెను. 1938లో అది మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపబడెను. కల్లుదుకాణములు మూయబడెను. కాని తాటిచెట్టు కల్లునకు మాత్రమే పుట్టలేదు. అది ముంజెలనిచ్చును, ఇంటికప్పునకు ఆకునిచ్చును, బెల్లమునిచ్చును. గాంధీమహాత్ముడు తాటిబెల్లపు పరిశ్రమను ప్రోత్సహించుటలోని సూక్ష్మమిదియే: చెట్టును నిలుపుము, గీతకాని చేతిపనిని నిలుపుము, మత్తును మాత్రము తీసివేయుము. పెరియార్ రామస్వామినాయకరుగారు 1921 ప్రాంతమున కల్లు మాన్పించుటకై తన కొబ్బరితోటలోని చెట్లను వందలకొలది కొట్టించిన మాట నిజమే. కాని అవి ఆయన సొంత చెట్లు, నష్టము ఆయనదే. తన చెట్టును తాను కొట్టుకొనుట త్యాగము కావచ్చును. పరుని చెట్టును ఆజ్ఞతో కొట్టించుట త్యాగము గాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయిపై తిరుగబడినప్పుడు వారు మూయించినది దుకాణమును. తమ కష్టము ఎచటనుండి వచ్చుచున్నదో వారికి స్పష్టముగా తెలియును గనుక వారి గురి తప్పలేదు.

జార్జియాకు మరలుదము. అధికారులు విశాలమైన తోటలను పెరికింపగలిగిరి గాని, పల్లెలోని ప్రతి పెరటిపందిరిని పెరికింప నెవ్వరికిని సాధ్యము గాదు. 1991 ఏప్రిలున ఆ దేశము స్వాతంత్ర్యమును ప్రకటించెను. అంతఃకలహములును దారిద్ర్యమును వెన్నంటెను. ఆసవపు విక్రయము రష్యా బజారుమీదనే ఆధారపడి యుండెను. పేరుపెట్టి అమ్మినదానిలో నకిలీయు విస్తారము. 2006 మార్చిలో రష్యా, ఆరోగ్యకారణములు చెప్పి, జార్జియా ఆసవమును నిషేధించెను. అప్పటికి రెండు దేశములకును రాజకీయవైరము ముదిరియుండెను. ఎగుమతులలో మిక్కిలి పెద్దభాగము ఒక్కదినమున నిలిచిపోయెను.

అప్పుడు ఆ జాతి తన పెరటివైపు తిరిగి చూచెను. తక్కువ ధరకు ఎక్కువ సరుకు పంపుటలో తాము ఎవ్వరితోను పోటీపడజాలమనియు, ఇతరులకు లేనిది తమ మట్టికాగుననే యున్నదనియు గ్రహించెను. 2007లో సిగ్నాగి పట్టణమున గెలా పతలిష్విలి యను తరతరముల తోటకాపరియు, జాన్ వర్డెమన్ యను అమెరికా చిత్రకారుడును కలిసి, పాతరవేసిన సపెరావి మొదలగు ఆసవములను సీసాలకెత్తి విదేశములకు పంపసాగిరి. ఇట్టి చిన్నకుటుంబములు క్రమముగా పెక్కయ్యెను. అంతవరకు మోటువస్తువైన క్వెవ్రి, 2013 డిసెంబరున యునెస్కోవారి మానవజాతి సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేరెను. ఆ పట్టికకెక్కినది త్రాగు వస్తువు గాదు, తయారుచేయు పద్ధతి. ఈ భేదమును మా పాఠకులు గుర్తింతురు గాక.

అంతయు చక్కబడినదని చెప్పుటకు వీలులేదు. 2013లో నిషేధము తొలగిన పిమ్మట మరల రష్యాయే వారికి పెద్దబేరము. క్వెవ్రి పద్ధతిని తయారగునది దేశపు మొత్తములో చిన్నభాగమే. మనిషియెత్తు పాత్రను లేపగల కుమ్మరికుటుంబములు వర్దిసుబాని, మకతుబాని మొదలగు గ్రామములలో కొద్దిగానే మిగిలియున్నవి. శత్రువు చెరుపలేనిదానిని కుమ్మరి కుమారుని యనాసక్తి చెరుపవచ్చును.

ఈ చరిత్రవలన మేము గ్రహించినదిది. మత్తువస్తువును ఇంటినుండి వెడలగొట్టుట సంస్కర్త ధర్మము. ఆ ధర్మమును మేము విడువము. కాని గొడ్డలిని చేతబట్టుటకు మునుపు, ఈ చెట్టు ఎవరిది, దీనిని పెంచిన చేతులేమగును, చంపుచున్నది నిజముగా నిదియేనా యని విచారించుట కూడ అతని ధర్మమే. ఆజ్ఞ నొక దినమున ఉపసంహరింపవచ్చును. ద్రాక్షమొక్క నాటినది మొదలు మూడునాలుగేండ్లకు గాని కాపునకు రాదు. మంచి రసమిచ్చుటకు ఇంకను కాలము పట్టును. గోర్బచేవ్ శాసనము మూడేండ్లలో సడలెను. ఆ మూడేండ్లలో పెరికినచోట మరల నాటిన తీగకు మొదటి గుత్తి వచ్చులోపుగా ఆ శాసనము చేసిన రాజ్యమే లేకుండ పోయెను.